ధర్మసంస్థల రెండు నివేదికలు

దేవుని పేరిట ద్రవ్యము స్వీకరించువారు దేవునికొక్కనికే లెక్క చెప్పిన చాలదు. ఇచ్చిన దాతకు చెప్పవలెను. ఎవరి ఆకలిని, ఎవరి రోగమును, ఎవరి నిరక్షరతను చూపి ఆ ద్రవ్యమును తెచ్చిరో వారికిని చెప్పవలెను. మొదటి లెక్క అంతరాత్మకు సంబంధించినది గనుక దానిని గూర్చి అన్యులు మాటాడరాదు. రెండవ లెక్క నేడు చక్కగా, కొన్ని యెడల అవసరమునకు మించిన సొగసుతో, జరుగుచున్నది. మూడవదియే జరుగుట మిక్కిలి అరుదు. ఈ లోపము చిన్నది కాదనియు, సేవాధర్మమునకే ఇది చీడయనియు, చర్చీలును మఠములును దేవస్థానములును దీనిని తామై దిద్దుకొననిచో ఇతరులు తమ స్వప్రయోజనమునకై దిద్దబూనుదురనియు చెప్పుటకే ఈ వ్యాసము.

నెల్లూరు జిల్లా పడమటి మెట్టలోని ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములను తీసికొందము. వానకు మొగము వాచిన నేల. సోమశిల జలాశయము చేరువనే ఉన్నను మెట్టచేలన్నిటికిని ఆ నీరెక్కదు. ఉదయగిరి వైపు కొన్ని గ్రామములలో బావినీటిలోని ఫ్లోరైడు పండ్లను గారపట్టించి ఎముకలను వంచును. పొట్ట చేతబట్టుకొని పట్టణములకు పోవువారు ప్రతి ఊరను ఉన్నారు. అట్టి చోట ధర్మసంస్థలు వెలయుట సహజము. వెలయుట మంచిది కూడ.

ఇట్టి సంస్థ సాధారణముగా సంవత్సరమునకు రెండు నివేదికలు వెలువరించును. ఒకటి ఆంగ్లమున, నున్నని కాగితముపై, దూరదేశపు దాత కొరకు. దానిలో మా ఊరు కటికచీకటి. రెండవది తెలుగున, జిల్లా పత్రికకు పంపెడు నాలుగు పంక్తుల ప్రకటన. దానితో ఒక ఛాయాచిత్రము: బల్లపై బియ్యపు మూటలు, వెనుక శాలువలు కప్పుకొన్న పెద్దలు, ముందు చేయి చాచిన ముసలమ్మ. దానిలో మా ఊరు పండువెన్నెల. మొదటిదానిలో మేము నశించుచున్నాము, రెండవదానిలో ఉద్ధరింపబడితిమి. ఊరొక్కటే, సంవత్సరమొక్కటే, సంస్థయు ఒక్కటే. ఈ రెంటిలో ఏది నిజమని అడుగుటకు ఆ ముసలమ్మకు వీలు లేదు. మొదటిదానిని ఆమె చదువజాలదు. రెండవదానిలో ఆమె పేరు లేదు.

పాఠకులు నన్ను అపార్థము చేసికొనరాదు. మతసంస్థలు సేవ చేయరాదని నేననుట లేదు. ఈ జిల్లాలో అంటరానివాడని గుడి వాకిటనుండి, బడి వాకిటనుండి తరుమబడినవానికి మొట్టమొదట పలక బలపము చేతికిచ్చినది ఎవరో చరిత్ర చెప్పుచున్నది. ప్రసవవేదనలో నున్న స్త్రీకి వైద్యురాలిని చూపినది ఎవరో అదియు చెప్పుచున్నది. ఆ ఋణమును కాదనువాడు కృతఘ్నుడు. నా వివాదము సేవతో కాదు. సేవను చెప్పుకొను తీరుతో. చేయిచాచినవాని మానమును చెరచి తెచ్చిన అన్నము అన్నమే గాని, ధర్మము మాత్రము కాదు.

ఈ రెండు నివేదికల అలవాటు నేటిది కాదు. దాని వేరు మన జిల్లాలోనే లోతుగా నాటుకొన్నది. అమెరికా బాప్టిస్టు మిషనుకు చెందిన సామ్యూల్ డే దొర 1836లో ఈ దేశమునకు వచ్చి, 1840లో నెల్లూరున స్థిరపడెను. పది పన్నెండేండ్లు గడిచినను ఫలము కానరాలేదు. ఆ శాఖను మూసివేయుదమా అను ప్రశ్న 1853లో అమెరికాలోని ఆల్బనీ నగరమున జరిగిన మహాసభకు వచ్చెను. గోడకు వ్రేలాడు పటములో తెలుగుదేశమున నెల్లూరొక్కటియే చుక్కగా కనబడుచుండెను. దానిని ఎవరో ఒంటి నక్షత్రమనిరి. ఆ రాత్రియే సామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ అను కవి ఆ నక్షత్రముపై పద్యము వ్రాసెను. మరునాడు సభ్యులు దానిని విని కంటతడి పెట్టిరి; శాఖ నిలిచెను. ఒక పద్యము ఒక సంస్థను బ్రతికించుట మనసును కదిలించు సంగతియే. కాని ఒక్కటి గమనింపుడు. తాము నక్షత్రమైతిమని ఆనాడు నెల్లూరివా రెవ్వరును ఎరుగరు. మనలను గూర్చిన మొదటి మహావార్త మనకు తెలియకయే, మనకు రాని భాషలో, మన కడగండ్లను కవిత్వముగా మార్చి, సముద్రమునకు ఆవల పుట్టెను. నాటి మర్యాద నేటికిని మారలేదు.

తరువాత 1885లో ఉదయగిరి, 1893లో ఆత్మకూరు ఆ మిషనుకు కేంద్రములాయెను. ఇచ్చటినుండి దొరలు, దొరసానులు బోస్టనుకు పంపిన ఉత్తరములు, వార్షిక నివేదికలు అక్కడి మిషను పత్రికలో అచ్చుపడుచుండెను. చరిత్రకారునికి అవి నిధులు. వాననో, కలరానో, బడినో గూర్చి వాటిలో ఉన్న వివరములు మరి యెచ్చటను దొరకవు. అయినను అవి ఎవరిని గూర్చి వ్రాయబడెనో వారు వాటిని చూడలేదు. చూచియుండినచో ఎన్ని వాక్యములు అట్లే నిలిచియుండును? ఎన్ని చోట్ల ఒక రైతు లేచి, అయ్యా, మా ఊరు అట్టిది కాదని చెప్పియుండును?

1878 నాటి సంగతి ఇంతకంటె నేర్పుచున్నది. 1876 మొదలు రెండేండ్లు దక్షిణదేశమును మహాక్షామము పీడించెను. ఒంగోలు అప్పుడు నెల్లూరు జిల్లాలోనిదే. అచ్చటి మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొని వేలకొలది ప్రజలకు పని కల్పించెను. ఆ కాలమున బాప్తిస్మము కోరివచ్చినవారిని ఆయన సుమారు పదునైదు నెలలు త్రిప్పి పంపెను. కూలికై, గంజికై వచ్చినవాడు విశ్వాసి కాడని ఆయన భయము. పని ముగిసి, కూలి ఆగి, ఇక ఆశింపదగినది ఏమియు లేదని స్పష్టమైన తరువాతనే ద్వారము తెరిచెను. 1878 జులై 3వ తేదీన వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో 2,222 మందికి ఒక్కదినమున బాప్తిస్మము జరిగెను. ఆ సంవత్సరాంతమునకు లెక్క 9,606 ఆయెను.

ఇందులో ఏది వార్త? ఆ 2,222 అను సంఖ్య భూగోళమంతయు తిరిగెను. ఆ పదునైదు నెలల నిరాకరణము దానిలో నాలుగవ వంతు దూరమైనను పోలేదు. ఒక మనుష్యుడు తన సంస్థకు లాభమైనదానిని, ఆకలిగొన్నవాని స్వాతంత్ర్యమును గౌరవించి, ఏడాదికి పైగా త్రోసివేయుట మహత్తర విషయము. క్షామమున గంజి పోసి మతము మార్చిరను నిందకు తగిన సమాధానము దానిలోనే ఉన్నది. కాని అది ఛాయాచిత్రమునకు అందదు, చందాకు ఉపకరింపదు. నది పట్టును, నిగ్రహము పట్టదు. సంఖ్యను చాటుటకు అలవాటుపడిన సంస్థ తన ఉత్తమగుణమునే దాచుకొని, తుదకు ఆ సంఖ్యయే తనపై నేరముగా మోపబడినపుడు తెల్లబోవును.

క్లౌ దొర భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో లండనున ఒక గ్రంథము ప్రకటించెను. చెప్పులు కుట్టుకొనుచు మాదిగలు చెప్పుకొనెడు కథలు, వారి కుటుంబముల పూర్వోత్తరములు, వారి గురువులు, వారి గ్రామదేవతలు అందున్నవి. ఆమె వారిని అడిగినది, విన్నది, పేర్లతో వ్రాసినది. ఆ గ్రంథమున పేదవాడు జాలికి గురియైన వస్తువు కాడు, నోరున్న మనుష్యుడు. అనగా ఇట్లు వ్రాయుట అసాధ్యము కాదు; నూట ఇరువది ఏండ్లకు పూర్వమే ఒకరు చేసి చూపిరి. అయితే అదియు ఆంగ్లమే.

ఇక నేటి స్థితి. ఒకనాడు మా పాఠశాలలో ఎనిమిదవ తరగతి బాలుడొకడు ఒక రంగుల కరపత్రమును తెచ్చి, చిత్రము క్రింది ఆంగ్లమునకు అర్థము చెప్పుమనెను. అది ఒక ధర్మసంస్థది, పేరు వ్రాయను. చిత్రములోనివాడు వాడే. ఒంటిపై చొక్కా లేదు. చెరువులో ఈతకు దిగినప్పుడు తీసినది కాబోలు, వెండ్రుకలు తడిసియున్నవి. ఈ అనాథ తండ్రి ముఖము ఎరుగడనియు, ఒక్కపూట తినుననియు, పుస్తకము పట్టలేదనియు క్రింద వ్రాసియున్నది. నేను అర్థము చెప్పితిని. వాడు కొంతసేపు ఊరకుండి, "మా నాయన ఉండాడు గదా సార్" అనెను. వాని తండ్రి బెంగుళూరులో తాపీపని చేసి నెలనెల డబ్బు పంపుచున్నాడు. వాడు లెక్కలలో తరగతికి మొదటివాడు.

తండ్రి ఊరికి వచ్చినపుడు నేనీ మాట ఎత్తితిని. ఆయన నవ్వి, "పిల్లోడికి సంచీ, నోటు పుస్తకాలు ఇచ్చినారు సార్, గొడవెందుకు?" అనెను. పాఠకులారా, ఆ నవ్వును గూర్చి ఆలోచింపుడు. ఒక సంచీకి, కొన్ని నోటు పుస్తకములకు ప్రతిగా ఒక మనుష్యుడు తాను బ్రతికియుండగనే చచ్చినవాడుగా అచ్చుపడుటకు ఒప్పుకొనవలసి వచ్చెను. ఆయన ఒప్పుకొనెను కూడ కాదు; ఆయనను అడుగలేదు. ఇది సేవయైనచో వ్యాపారమనగా ఏమి?

ఇది మర్యాదకు మాత్రమే సంబంధించిన విషయము కాదు, చట్టమునకును సంబంధించినది. సంరక్షణ కావలసిన బాలుని పేరు, చిత్రము, బడి, చిరునామా మొదలైన గుర్తులను ఏ పత్రికయందును, ఏ ప్రసారసాధనమునందును వెల్లడింపరాదని 2015 నాటి బాలన్యాయ చట్టము 74వ విభాగము శాసించుచున్నది. మీరినవారికి ఆరు నెలల వరకు ఖైదు, లేక రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేక రెండును కలవు. అనాథాశ్రమపు పండుగనాడు పిల్లలను వరుసగా నిలువబెట్టి, పేర్లతో చిత్రమును పత్రిక కిచ్చువారును, దానిని అచ్చొత్తువారును ఈ విభాగమును ఒక్కసారి చదువుట మంచిది.

పెద్దల విషయమున అపాయము మరియొక విధముగా ఉన్నది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులను మాత్రమే షెడ్యూల్డు కులస్థులుగా గుర్తించెను. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిరి. క్రైస్తవులను చేర్చలేదు. ఆంధ్రప్రదేశమున ఆ కులములనుండి క్రైస్తవులైనవారు వెనుకబడిన తరగతులలో 'సి' వర్గములోనివారు. క్రైస్తవుడై పాస్టరుగా ఉన్న ఒకరికి షెడ్యూల్డు కులములపై అత్యాచారముల నిరోధక చట్టపు రక్షణ చెల్లదని మన హైకోర్టు 2025లో తీర్పు చెప్పెను. ఈ న్యాయము న్యాయమా కాదా అనునది వేరు చర్చ. మతము మారినంత మాత్రమున పల్లెలో అంటు మారలేదని కన్నులున్నవారందరు ఎరుగుదురు. కాని ఇట్టి స్థితిలో ఒక నిరుపేద స్త్రీ ముఖమును, పేరును, ఊరును, ఆమె ఎప్పుడు మతము పుచ్చుకొనెనో ఆ తేదీని దేశదేశముల దాతలకు పంపుట అనగా ఆమె బిడ్డల చదువును, ఉద్యోగమును, రక్షణను ఆమెకు చెప్పకయే పణముగా ఒడ్డుట. ఆ జూదములో గెలుపు సంస్థది. ఓటమి మాత్రము ఆమెది. ఆమె విశ్వాసమును ఎవరికి, ఎప్పుడు, ఎంతవరకు చెప్పుకొనవలెనో నిర్ణయించు హక్కు ఆమెదొక్కతెదే.

మరి పత్రికల మాట ఏమి? ధర్మసంస్థలను గూర్చి మన జిల్లా పుటలలో రెండే రకముల వార్తలు తరచుగా కనబడును. ఒకటి సంస్థ పంపినదానిని అక్షరము మార్చక అచ్చొత్తునది. రెండవది ఎవరో చేసిన ఆరోపణను సంస్థను అడుగక అచ్చొత్తునది. మొదటిదాని శీర్షికలో దుప్పట్ల పంపిణీ ఉండును. రెండవదాని శీర్షికలో ప్రలోభములు, మతమార్పిడులు ఉండును. దుప్పటి పుచ్చుకొన్నవానిని మొదటి విలేఖరి అడుగడు. ప్రలోభపడినవాడని చెప్పబడువానిని రెండవ విలేఖరియు అడుగడు. స్తోత్రమున గాని దూషణమున గాని పేదవాని నోట మాట లేదు. ఈ విషయమున పత్రికలు సంస్థలకంటె తక్కువ దోషులు కావు.

అయితే సంస్థలు తమ మౌనముతో ఆ రెండవ వార్తకు తామే నీరు పోయుచున్నవి. అడిగినప్పుడు చెప్పనివాడు దాచుచున్నాడని లోకము తలచును. దీనికి ఇటీవలి నిదర్శనములు చూడుడు.

2021 డిసెంబరు 25న మదర్ తెరెసా స్థాపించిన మిషనరీస్ ఆఫ్ చారిటీకి విదేశీ విరాళముల అనుమతి పునరుద్ధరణను కేంద్రప్రభుత్వము నిరాకరించెను. ఆ సంస్థ ఖాతాలన్నియు స్తంభింపజేయబడెనని రెండు దినములలో దేశమంతయు గగ్గోలు పుట్టెను. అప్పుడా సంస్థ చేసినదేమి? చిన్న ప్రకటన ఒకటి వెలువరించెను. రిజిస్ట్రేషను రద్దు కాలేదు. ఖాతాలను ప్రభుత్వము స్తంభింపజేయలేదు. పునరుద్ధరణ కాలేదు గనుక విదేశీ ఖాతాలను వాడవద్దని తామే తమ శాఖలకు చెప్పితిమి. ఇంతే. తమకు అనుకూలమైన అతిశయోక్తిని కూడ వారు ఖండించిరి. జాలిని సంపాదింపగల అసత్యమును వదలుకొనుటకంటె సత్యవ్రతమునకు వేరు పరీక్ష లేదు. జనవరిలో అనుమతి తిరిగి వచ్చెను.

తిరుమల తిరుపతి దేవస్థానము 2022 నవంబరులో తన ఆస్తులపై శ్వేతపత్రము ప్రకటించి, బ్యాంకులలో 15,938 కోట్ల రూపాయల డిపాజిట్లును, పది టన్నులకు పైగా బంగారమును ఉన్నవని చెప్పెను. వదంతులు వచ్చినందున చెప్పెననుట నిజమే. చెప్పుట మాత్రము మంచిదే. అదే దేవస్థానమునకు 2024లో ఏమాయెను? లడ్డూ నేతిలో జంతువుల కొవ్వు కలిసెనని సెప్టెంబరు 18న ముఖ్యమంత్రి ఒక రాజకీయ సభలో అనెను. పరీక్షాలయ నివేదిక మరునాడు ఒక రాజకీయపక్షము వారి పత్రికా సమావేశమున బయటపడెను. సంస్థ అధికారి సమగ్రముగ వివరించినది దాని తరువాత. అప్పటికే కోట్లకొలది భక్తుల మనసు కలతపడెను. తుదకు అక్టోబరు 4న సుప్రీంకోర్టు స్వతంత్ర విచారణసంఘమును నియమింపవలసి వచ్చెను. ఆ నేతిలో ఏమున్నదో తేల్చుట నా పని కాదు. కాని తన వంటయింటి వార్తను తాను మొదట చెప్పని సంస్థకు ఆ వార్తను ఇతరులు ఎట్లు చెప్పుదురో అది చక్కని పాఠము.

మూడవ నిదర్శనము. అమెరికాకు చెందిన కంపాషన్ ఇంటర్నేషనల్ అను క్రైస్తవసంస్థ 2017 మార్చిలో ఈ దేశమున తన పని ముగించెను. లక్షకు పైగా బాలబాలికలు దాని సహాయము పొందుచుండిరి. దాని పక్షమున వాదము 2016 డిసెంబరులో వాషింగ్టనులో, అమెరికా శాసనసభాసంఘము ఎదుట వినబడెను. మంచిదే. కాని ఆ లక్షమంది తల్లిదండ్రులలో ఎందరు ఒక తెలుగు పత్రికకో, తమిళ పత్రికకో ఉత్తరము వ్రాసిరి? వ్రాయుటకు వారి చేతిలో ఏ లెక్క, ఏ కాగితము ఉండెను? దీనికి ప్రతిగా అనంతపురమును చూడుడు. విన్సెంట్ ఫెర్రర్ 1969లో స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు మతసంస్థ కాదు. ఆయన పూర్వము జెస్యూట్ సన్యాసి. దాని విదేశీ విరాళముల అనుమతి నిలిచినపుడు 2025లో ఆ జిల్లా ప్రజలు, అన్ని మతములవారు, వీథులకు వచ్చి అది మాదనిరి. తన పనిని తన పల్లెకు చెప్పుకొన్న సంస్థకు పల్లెయే వకీలు. దాతకు మాత్రమే చెప్పుకొన్నదానికి దాతయే వకీలు. ఆ వకీలు సముద్రమునకు ఆవల ఉండును.

ప్రభుత్వము ఈ విషయమున తన ధర్మమును సరిగా చేయుట లేదు. 2020 సవరణ విదేశీ విరాళమంతయు ముందుగా న్యూఢిల్లీలోని ఒక్క స్టేట్ బ్యాంకు శాఖకే రావలెనని, ఒక సంస్థ పొందినది మరియొక చిన్న సంస్థకు పంచరాదని, నిర్వహణవ్యయము నూటికి ఇరువది మించరాదని కట్టడి చేసెను. ఇంత కట్టడి చేసిన ప్రభుత్వమే, మూడు నెలలకొకసారి విరాళముల వివరము ప్రజలకు ప్రకటింపవలెనను నియమమును 2022 జులైలో తొలగించెను. వార్షిక లెక్క మాత్రము మిగిలెను. అనగా సంస్థలు దొరతనమునకు ఎక్కువ జవాబుదారులు, ప్రజలకు తక్కువ జవాబుదారులు ఐనవి. ఈ తారుమారును సంస్థలు ఆనందముతో అంగీకరింపరాదు. చట్టము విడిచినదానిని ధర్మము పట్టుకొనవలెను.

ఇక పూర్వపక్షములను విందము. దానము గుప్తముగా చేయవలెను, బూరలూది చాటరాదని క్రీస్తు బోధింపలేదా, మన శాస్త్రములు గుప్తదానమును పొగడలేదా అని కొందరందురు. నిజమే. కాని ఆ ఉపదేశము దాతకు, తన ధనమును తానిచ్చువానికి. ఇతరుల ధనమును పంచువాడు దాత కాడు, ధర్మకర్త. ధర్మకర్త గుప్తముగా ఉండుట వినయము కాదు. అదిగాక, వినయము పేరిట లెక్కను దాచువారే బియ్యపు మూట ప్రక్కన నిలిచి చిత్రము తీయించుకొనుచున్నారు. దాచవలసినది చాటి, చాటవలసినది దాచుట ఏ శాస్త్రము?

దీనముఖమును చూపనిదే దాత చేయి జేబులోనికి పోదు, మేమేమి చేయుదుమని మరికొందరందురు. ఈ మాట దాతను అవమానించుచున్నది. ఆయన పశువు వలె కంటికి కనబడినదానికే చలించునని వీరి భావము. తాపీపని చేయు తండ్రి పంపు డబ్బు చాలక, లెక్కలలో మొదటివాడైన బాలుడు చదువు మానవలసి వచ్చునేమో అను సత్యకథ వానిని అనాథనుచేసిన అసత్యకథకంటె ఎందులో తక్కువ? చెప్పు నేర్పు లేనివారే దైన్యమును ఆశ్రయింతురు.

పత్రికలవారికి చెప్పినచో వక్రించి వ్రాయుదురు, మౌనమే మేలని ఇంకొందరందురు. కొందరు వక్రింతురు, కాదనను. కాని లిఖితపూర్వకముగా, తేదీతో, తెలుగులో, ముందుగనే ప్రకటించినదానిని వక్రించుట కష్టము. ఏమియు చెప్పనిదానిని వక్రింప నక్కరయే లేదు, కల్పించిన చాలును. శత్రువులు మా లెక్కలను మాపై ఆయుధముగా వాడుదురని భయపడువారికి నా మనవి: లెక్క సరిగా ఉన్నచో అది మీ కవచము, సరిగా లేనిచో మీ శత్రువులు ఇంటిలోనే ఉన్నారు.

కావున ధర్మసంస్థలు, ఏ మతమువైనను సరే, ఈ నియమములను తమంత తామే స్వీకరించుగాక. మొదటిది: నివేదిక ఒక్కటే ఉండవలెను. బోస్టనుకు ఏది పోవునో ఉదయగిరికి అదియే, తెలుగులో, రావలెను. దాతకు పంపుటకు ముందు దానిని ఊరిలో చదివి వినిపింపవలెను. ఇది గొంతెమ్మకోరిక కాదు. ఉపాధి హామీ పనులలో ఎవరికెంత కూలి ముట్టెనని వ్రాసియున్నదో దానిని కూలివారి యెదుటనే చదివి, నిజమా అని అడుగు సామాజిక తనిఖీని 2006 నుండి నడపి, దేశమునకు దారిచూపినది మన రాష్ట్రమే. చదువురాని స్త్రీలు లేచి, నాకు ముట్టలేదని చెప్పిన సభలను ఈ మెట్ట చూచినది. సర్కారు చేయించుకొన్న పరీక్షను దేవుని పేరు చెప్పువారు తప్పించుకొందురా?

రెండవది: బాలుర చిత్రములు, పేర్లు పత్రికకు గాని దాతకు గాని ఈయరాదు. పెద్దలవి వారి భాషలో వారికి చదివి వినిపించి, వారు సరేనన్న తరువాతనే ఈయవలెను. వద్దన్నవానికి సహాయము తగ్గింపరాదు. మూడవది: పత్రికలతో మాటాడుటకు ఒకరిని నియమించి, ఆయన పేరును బహిరంగముగా ప్రకటింపవలెను. తెలిసినది చెప్పి, తెలియనిది తెలియదని చెప్పుటకు ఆయనకు స్వేచ్ఛ ఉండవలెను. నాలుగవది: తప్పు జరిగినపుడు, వసతిగృహమున బిడ్డకు హాని కలిగినను, సొమ్ము పోయినను, ఆ వార్త సంస్థ నోటినుండియే మొదట వెలువడవలెను. పరువు పోవునని దాచిన ప్రతి పాపమును తుదకు పరువునే తినివేయును. ఐదవది: మతము మారినవారి సంఖ్యను చందాకై చాటరాదు. ఆత్మలను తలలవలె లెక్కించుట ఏ మతమునకును గౌరవము కాదు.

పత్రికాధిపతులకు ఒక్కటే మనవి. వచ్చిన ప్రకటనను అచ్చొత్తుటకు ముందు చేయిచాచినవాని పేరడుగుడు. ఆయన ఒప్పినచో ఆయన మాటను కూడ వేయుడు. ఆరోపణను అచ్చొత్తుటకు ముందు కూడ అంతే చేయుడు. రెండు నిమిషముల పని. దానితో స్తోత్రము సగము, దూషణ సగము తగ్గును. మిగిలినది వార్త యగును.

తుదకు, ఈ పుటలు చదువు గృహస్థులకు. హుండీలో వేయు రూపాయి మీది, ఆదివారపు కానుక మీది, కుమారుని పుట్టిననాడు అనాథాశ్రమమునకు పెట్టు అన్నము మీది. విదేశీయుల దానమును గూర్చి వాదించుట సులభము. మన దానమును గూర్చి అడుగుట కష్టము. ఈసారి మీరిచ్చునపుడు రసీదుతోపాటు తెలుగు నివేదిక అడుగుడు. అనాథాశ్రమమున బిడ్డలతో చిత్రము తీయించుకొనకుడు. లేదు, ఆంగ్లమున మాత్రమే ఉన్నదని వారన్నచో, అన్నము పుచ్చుకొన్నవారు దానిని ఏ భాషలో చదువుదురని మర్యాదగా ప్రశ్నింపుడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగల సంస్థకు రెండింతలు ఇండు.